పచ్చి గెత్తం గారికి బహిరంగ లేఖ

పర్లాకిమిడి,
గజపతి జిల్లా.

మహారాజశ్రీ పచ్చి గెత్తం గారికి, అనగా ఇంకా మాగని పేడ ఎరువు గారికి,

మహేంద్రతనయ ఏటి ఒడ్డున ఎవరు ఏ మడి తవ్వినా మొదటి తట్ట మీదే. వరికీ మీరే, వంగకీ మీరే. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసింది గానీ మీ ఏలుబడి మాత్రం చెక్కుచెదరలేదు. అందుకే భయపడుతూ రాస్తున్నాం: పెరటి కొలను పక్కన వేసే చిత్తడి మడికి మాత్రం దయచేయకండి.

తప్పు మీది కాదు, మీ బలానిది. వాన పడితే మీ సారమంతా కొలనులోకి దిగుతుంది, నాలుగు ఎండలు కాసేసరికి నీళ్ళు పాచి పట్టి పచ్చబడతాయి. నానిన మట్టిలో అసలే గాలి తక్కువ. ఆ కాస్తా మీరు కుళ్ళడానికే ఖర్చయిపోతుంది. మొక్కకి మిగిలేది కుళ్ళిన గుడ్డు కంపు, నల్లబడ్డ వేళ్ళు. పైగా గడ్డిగింజల బంధుగణాన్ని వెంటేసుకుని వస్తారు!

మీరు లేకుండా మడి ఎలా లేస్తుందంటారా? ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గొయ్యి చాలు. అడుగున సిల్పాలిన్ అనే ప్లాస్టిక్ పట్టా పరవాలి. డబ్బు పోసి కొన్న పట్టాకి చిల్లు పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు. కానీ చిల్లు లేని గొయ్యి కుడితిగోలెమే. మేకుతో రెండడుగులకొకటి పొడిచి, పైన రెండంగుళాల మందాన గులకరాళ్ళు పొయ్యాలి. లేకుంటే మట్టి దిగి చిల్లులు పూడుకుపోతాయి.

ఎక్కువమంది తప్పేది కొలను వైపు గట్టు దగ్గర. అది నీటిమట్టానికి మూడంగుళాలైనా పైకి ఉండాలి, పట్టా దాని మీదికి ఎక్కాలి. మడిమట్టి కొలనుని తాకిందా, వత్తి నూనె లాగినట్టు నీళ్ళు లాగేస్తుంది. ఎండాకాలంలో యజమాని కొలను అడుగున లేని చిల్లు కోసం వెతుక్కుంటాడు. మిగతా మూడు వైపులా పట్టా అంచు మట్టికి రెండంగుళాలు కిందే ఉండాలి. అక్టోబరు తుపాను నీరు అటే పోతుంది.

మట్టి సంగతి. మూడు తట్టల పెరటిమట్టికి ఒక తట్ట మాగిన ఆకుఎరువు. చెరువు పూడిక ఒక్కటే పోస్తే ఎండకి బీటలు వారుతుంది. ఆకుఎరువు లేకపోతే కొబ్బరిపొట్టు, అదీ రెండుసార్లు కడిగి ఉప్పు వదిలించాక. గొయ్యికి రెండంగుళాలు ఎత్తుగా నింపి, తడిపి, వారం వదిలేస్తే అదే కుంగుతుంది. కాలితో తొక్కి సర్దేవాళ్ళని దగ్గరికి రానివ్వకూడదు. ఆపైన వస, చేమ, సరస్వతాకు. తొలకరిలో నాటితే నీళ్ళు మోసే బాధ తప్పుతుంది.

తమకి గట్టు అవతల, పల్లానికి, అరటి బోదెల దగ్గర చోటు చూశాం. వాన నీరు అటునుంచి కొలనుకి ఎదురు రాదు. ఆరు నెలలు కప్పు వేసుకుని మాగండి.

ఇట్లు,
పార పట్టినవాళ్ళం