శాలువా గారికి ఒక మనవి

మహారాజశ్రీ శాలువా గారికి,

కడప నుంచి పిల్లల కథలు రాసుకునే ఒకడు నమస్కరించి వ్రాయునది. ఇచ్చట మేము క్షేమం. తమరు బీరువా పైఅరలో, ప్లాస్టిక్ కవరులో, గుండుసూదులతో సహా క్షేమమేనని తలుస్తాను. తమ అన్నదమ్ములంతా ఆ అరలోనే ఉన్నారు గాబట్టి పొద్దుపోవడానికి ఇబ్బంది ఉండదు.

తమరిని నాకు కప్పింది మే నెలలో. కడప మే నెల ఎట్లుంటుందో తమకు చెప్పాలా? హాల్లో కరెంటు పోయింది. ముఖ్య అతిథి గారు నా కవిత్వాన్ని ఆకాశానికెత్తేసినారు. నేను పుట్టి బుద్ధెరిగి ఒక్క కవితా రాసినోణ్ణి కాదు. పైగా ఫొటో సరిగ్గా రాలేదని తమరిని తీసి మళ్ళీ కప్పినారు. చెమటకు మెడ మీద తమ జరీ అంచు గీరుకుంటా ఉంటే, నవ్వమన్నారు. నవ్వినాను.

ఇదే ఊర్లో ఒకప్పుడు బ్రౌన్ దొర బంగళా కొని, పండితులను పెట్టుకుని, సొంత డబ్బుతో జీతాలిచ్చి తెలుగు కావ్యాల ప్రతులు సరిచూయించినాడు. ఆ జాగాలోనే, ఎర్రముక్కపల్లెలో, ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. ఆ పండితులకు శాలువాలు కప్పినట్టు మాత్రం నేనెక్కడా చదవలేదు. పాపం, జీతంతోనే సరిపెట్టుకున్నారు.

అసలు సంగతికొస్తాను. తమకు కోపం రావచ్చు. తమరికి పోటీగా మా ఇంటికి పోస్టు కార్డులు వస్తున్నాయి. 1879లో కాలణాకు మొదలైన సరుకది, ఇప్పటికీ అర్ధరూపాయే. అర్ధరూపాయి బిళ్ళ ఇస్తే ఏ అంగట్లోనూ తీసుకోరు, కార్డు మాత్రం ఇంటిదాకా వచ్చేస్తుంది. జరీ లేదు, అంచు లేదు. మొన్నొచ్చినదాన్ని చూడండి. పైన నాలుగు వరుసలు గుండ్రంగా, బ్లూ ఇంకుతో: "గౌరవనీయులైన రచయిత గారికి, మీ కథలు నీతిదాయకముగా ఉన్నవి." కింద పెన్సిలు: "పైన రాసింది మా తెలుగు సారు చెప్పింది. ఇది నేను రాస్తాండా. మీ కతలో అవ్వ అచ్చం మా అవ్వ మాదిరే తిడతాది. మీరు మా అవ్వను యాడ చూసినారు?" జాగా చాలక చివరి ముక్క అంచు వెంబడి పైకి పాకి, అడ్రసు పక్కకు పోయి ఆగింది. పోస్టుమాను కూడా చదివినట్టున్నాడు, ఇస్తా నవ్వినాడు.

తమరు నా భుజం మీద ఎన్ని గంటలు కూర్చున్నా, ఇంత మాట ఒక్కటైనా అన్నారా?

కార్డు రాయలేనోళ్ళు వాళ్ళమ్మ ఫోన్లో వాట్సాప్ వాయిస్ పెడతారు. వెనక కుక్కరు విజిల్ వేస్తాంటుంది. "సార్, ఆ మేకపిల్లను ఎందుకు సంపినారు? అది మిమ్మల్నేం చేసింది?" కాసేపు ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ అదే గొంతు: "బతికించి ఇంకోటి రాయండి సార్. రేపటికి." ఇన్నేళ్ళలో ఏ సంపాదకుడూ నన్ను ఇంత తొందరపెట్టలేదు. పుస్తకం చివరిదాకా చదివితే తప్ప మేకపిల్ల చచ్చిన సంగతి తెలియదు, అది గమనించండి. ముఖ్య అతిథి గారికి ఇప్పటికీ తెలియదు.

అందుకే ఆ పిల్లోళ్ళకు చేతులెత్తి దండం పెడతాండా. వాళ్ళకు బాకీ పడినన్ని జవాబులు నేనెవరికీ పడలేదు. అవ్వ సంగతి అడిగిన పాపకు ముందు రాయాలి, లేకపోతే వాళ్ళవ్వతోనే తిట్టిస్తుంది.

తమతో ఒక చిన్న పని పడింది. వచ్చే ఆదివారం ఇంకో సన్మానం ఉందంట, పిలుపొచ్చింది. నాకు మేకపిల్లను బతికించే పనుంది. నా బదులు తమరే పోయి ముందు వరుస కుర్చీలో కూర్చోండి. కవరు తీయొద్దు, ఫొటోకు అట్లయితేనే నిగనిగలాడతారు. కొత్తగా వచ్చే తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని రండి. పైఅరలో కొంచెం జరిగితే చోటుంది.

ఇట్లు,
తమ బరువు మోసిన భుజాల వాడు,
కడప.