కమురు వాసన మీద పంచాయితీ

నల్లగొండలో బట్టలారేసే మిషన్ కొన్నామంటే ఎండాకాలంలో నవ్విపోతారు. కానీ మొన్న ముసురు పట్టి, దండెం మీది బట్టలు ఎంతకీ ఆరక ముక్క వాసన కొడుతుంటే ఉతికి ఆరబెట్టే మా మిషన్‌కు మొదటిసారి ఆరబెట్టే డ్యూటీ పడింది. పావుగంటకే ఇల్లంతా కమురు వాసన.

అమ్మ పొయ్యి దగ్గరికి ఉరికింది. పప్పు బాగానే ఉంది. "మిషన్ల ఎలుక సచ్చిందేమో సూడున్రి" అంది. చచ్చిన ఎలుక వాసన వేరు, కాలిన ఎలుక వాసన వేరు అని నాన్న వివరించబోయాడు గానీ ఎవరూ వినలేదు. ఈలోగా పక్కింటి కాక వచ్చాడు. రిటైర్డ్ లైన్‌మన్. గల్లీలో ఫ్యూజు పోయినా, పెండ్లి సంబంధం తప్పిపోయినా ఆయన లెక్కలో కారణం ఓవర్‌లోడే.

"ఎన్ని బట్టలేసిన్రు?"

డ్రమ్ము నిండా. ఉతికేది 8 కిలోలు, ఆరబెట్టేది 5 కిలోలే అని మిషన్ మీదే రాసి ఉంది, ఎవరు చదివారు! సగం తీసేశాం. వాసన పోలేదు. బెల్టు జారి రబ్బరు కాలుతోందని బావ తీర్పిచ్చాడు. ఫిల్టర్ విప్పితే గుప్పెడు నూలు పీచు, దాంతోపాటు అక్క పోగొట్టుకున్న జూకా దొరికాయి (ఆ జూకా కోసం ఇంట్లో జరిగిన గొడవ వేరే కథ). పీచు హీటర్ మీద పేరుకుంటే నిజంగానే మాడుతుంది కాబట్టి శుభ్రంగా కడిగాం. అయినా అదే వాసన.

అప్పుడు కాక డ్రయ్యర్ ఆపి, ఉత్త చన్నీళ్లతో జాడించమని పెట్టాడు. వాసన లేదు. డ్రయ్యర్ నొక్కగానే మళ్లీ మొదలు. ఇక మిషన్‌ను వదిలేసి, వైరు వెంట ముక్కుతో వాసన పట్టుకుంటూ పోయి ఫ్రిజ్ చాటున ఆగాడు. వరండాలో జల్లు కొడుతోందని బావ మిషన్‌ను లోపలికి జరిపినప్పుడు, దాని లావు పిన్నుల ప్లగ్గు పట్టక మధ్యలో కన్వర్టర్ పెట్టి ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించాడట. దానికే ఫ్రిజ్, దోమల మందు, బావగారి చార్జరు. బోర్డు అంచు మాడిన అప్పడంలా ముడుచుకుపోయి ఉంది.

"మెయిన్ దించున్రి ముందు! 6 ఆంప్స్ బోర్డుకు 1,400 వాట్లే ఎక్కువ, ఈ హీటరు ఒక్కటే 2,000 దాకా గుంజుతది. నేను జెప్పలే, ఓవర్‌లోడ్ అని?"

బావ తన చార్జర్ పనిచేస్తోందా లేదా అని చూసుకున్నాడు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ లావు వైరు విడిగా లాగి, 16 ఆంప్స్ ప్లగ్ పాయింటు బిగించి పోయాడు. కొత్త పాయింటు గట్టిగా ఉందని అమ్మ దానికి గ్రైండర్ తగిలించింది. ఇడ్లీ పిండి అయ్యేదాకా మిషన్ తడి బట్టలతో ఆగాల్సిందే.