పొరుగు దారి మీద నడిచిన యుద్ధం

2011 నవంబర్ 26 తెల్లవారుజామున అఫ్ఘాన్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న సలాలాలో పాకిస్తాన్ సైనిక శిబిరాలపై నాటో విమానాలు, హెలికాప్టర్లు దాడి చేశాయి. 24 మంది పాకిస్తాన్ సైనికులు చనిపోయారు. ఆ వెంటనే ఇస్లామాబాద్ తోర్ఖమ్, చమన్ సరిహద్దు ద్వారాలను, అఫ్ఘానిస్తాన్‌లో తాలిబన్లతో పోరాడుతున్న అమెరికా నేతృత్వంలోని నాటో సైన్యాలకు వెళ్లే సరుకుకు మూసేసింది. కరాచీ రేవులో దిగిన కంటైనర్లు రేవులోనే ఉండిపోయాయి, అప్పటికే బయలుదేరిన ట్యాంకర్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ప్రపంచంలోనే అత్యంత శక్తిమంతమైన సైనిక కూటమి ఏడు నెలలకు పైగా ఆ ద్వారాల ముందు నిరీక్షించాల్సి వచ్చింది. 2012 జూలై 3న నాటి అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ పాకిస్తాన్ విదేశాంగ మంత్రి హినా రబ్బానీ ఖర్‌కు ఫోన్ చేసి, సైనికుల మృతికి విచారం తెలిపిన తర్వాతే అవి మళ్లీ తెరుచుకున్నాయి.

ఈ ఏడు నెలల వ్యవహారాన్ని చాలామంది డాలర్ల లెక్కగానే చూశారు. మూసివేతకు ముందు ఒక్కో ట్రక్కుకు దాదాపు 250 డాలర్లు పడేదనీ, తిరిగి తెరవడానికి పాకిస్తాన్ 5,000 డాలర్లు అడిగిందనీ అప్పటి వార్తలు చెప్పాయి. ప్రత్యామ్నాయ మార్గాల వల్ల నెలకు 10 కోట్ల డాలర్ల అదనపు భారం పడుతోందని అమెరికా రక్షణ మంత్రి లియాన్ పనెట్టా సెనేట్ సభ్యులకు వివరించారు. చివరికి పాకిస్తాన్ కొత్త రుసుమేదీ లేకుండానే దారి ఇచ్చింది. ఆగిపోయి ఉన్న 110 కోట్ల డాలర్లకు పైగా సైనిక సహాయ బకాయిలను విడుదల చేయడానికి అమెరికా ఒప్పుకుంది. అయితే ఈ బేరంలో అసలు సరుకు డబ్బు కాదని నా అభిప్రాయం. దారి ఇచ్చిన దేశానికి దక్కింది యుద్ధ విధానంలో వాటా. తాలిబన్ నాయకత్వం పాకిస్తాన్ గడ్డపై తలదాచుకుంటున్నదని వాషింగ్టన్‌కు ఏళ్ల తరబడి తెలుసు. అయినా ఆ విషయంలో గట్టిగా ఒత్తిడి తేవడానికి ప్రతిసారీ వెనకాడింది. ఆ వెనకాడటానికి అణ్వాయుధాల భయంతో పాటు ఇతర కారణాలూ ఉన్నాయి, నిజమే. కానీ 2008 నాటికి అఫ్ఘానిస్తాన్‌లోని సైన్యానికి కావలసిన సరుకులో సుమారు నాలుగింట మూడు వంతులు కరాచీ మీదుగా వెళ్లేదన్న ఒక్క వాస్తవం చాలు, ఎవరి జుట్టు ఎవరి చేతిలో ఉందో తెలియడానికి.

ఈ పరాధీనతను తగ్గించుకోవడానికే 2009లో ఉత్తర పంపిణీ మార్గం మొదలైంది. లాత్వియా రాజధాని రీగా రేవులో సరుకు దించి, రష్యా, కజఖ్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్ మీదుగా 5,000 కిలోమీటర్లకు పైగా రైలులో నడిపి, తెర్మెజ్ దగ్గర అము దర్యా నది దాటించి అఫ్ఘానిస్తాన్‌లోని హైరతాన్‌కు చేర్చేవారు. సోవియట్ కాలంలో వేసిన ఒకే వెడల్పు పట్టాలు కాబట్టి రీగా నుంచి తెర్మెజ్ దాకా బండి మార్చాల్సిన పని లేదు. 1989 ఫిబ్రవరి 15న సోవియట్ సైన్యం ఓడి వెనుదిరిగిన, అము దర్యా మీది స్నేహ వంతెన మీదే అమెరికా సరుకు లోపలికి వెళ్లింది. హైరతాన్ నుంచి కాబూల్‌కు సలాంగ్ సొరంగం దాటాలి. 3,000 మీటర్లకు పైగా ఎత్తున సోవియట్ ఇంజనీర్లు తొలిచిన ఆ సొరంగం 2.7 కిలోమీటర్లలోపే, ఎదురెదురుగా రెండు భారీ ట్రక్కులు తప్పుకోవడమే కష్టం. 2010 ఫిబ్రవరిలో ఆ కనుమ మీద మంచుచరియలు విరిగిపడి 160 మందికి పైగా ప్రయాణికులు చనిపోయారు.

ఉత్తర మార్గానికి చెల్లించిన మూల్యం మరో రకమైనది. 2005 మేలో ఉజ్బెకిస్తాన్‌లోని అందిజాన్‌లో ప్రభుత్వ బలగాలు నిరసనకారులపై కాల్పులు జరిపి వందల మందిని చంపాయి. స్వతంత్ర విచారణ కావాలని అమెరికా అడిగినందుకు అధ్యక్షుడు ఇస్లాం కరీమోవ్ అదే ఏడాది కర్షీ-ఖానాబాద్ స్థావరం నుంచి అమెరికన్లను ఖాళీ చేయించాడు. ఏడేళ్లు తిరక్కుండా లెక్క మారిపోయింది. సలాలా తర్వాత రెండు నెలల్లోపే, 2012 జనవరిలో, ఉజ్బెకిస్తాన్‌కు సైనిక సహాయంపై ఉన్న ఆంక్షలను అమెరికా సడలించింది. అక్కడి జైళ్లలో చిత్రహింసలేమీ ఆగలేదు. తగ్గింది అమెరికా ఆ మాట గట్టిగా ఎత్తడం. అందిజాన్ మృతుల కుటుంబాలు ఈ రైలు మార్గానికి కట్టిన సుంకం ఏ రక్షణ బడ్జెట్‌లోనూ కనిపించదు.

కిర్గిజ్‌స్తాన్ కథ ఇంతకంటే సూటిగా నడిచింది. 2009 ఫిబ్రవరిలో మాస్కో 200 కోట్ల డాలర్ల రుణం, సాయం ప్రకటించగానే అధ్యక్షుడు కుర్మాన్‌బెక్ బకియేవ్ అమెరికా వాడుకుంటున్న మనాస్ వైమానిక స్థావరాన్ని మూసేస్తానన్నాడు. కొన్ని నెలల్లో అమెరికా వార్షిక అద్దెను 1.74 కోట్ల డాలర్ల నుంచి 6 కోట్లకు పెంచింది. స్థావరానికి ‘రవాణా కేంద్రం’ అని పేరు మార్చారు. అక్కడి ఇంధన కాంట్రాక్టుల లాభాలు పాలక కుటుంబానికి చేరుతున్నాయన్న ఆగ్రహం 2010 ఏప్రిల్‌లో బకియేవ్‌ను గద్దె దించిన తిరుగుబాటుకు ఆజ్యం పోసింది. 2014లో స్థావరం మూతపడింది. మరుసటి ఏడాది మేలో రష్యా కూడా తన భూభాగం మీదుగా నాటో సరుకు వెళ్లకుండా ఆదేశాలిచ్చింది.

సరిహద్దులు దాటాక ఖర్చు తగ్గలేదు, ఇంకా పెరిగింది. దేశం లోపలి రవాణాకు 216 కోట్ల డాలర్ల కాంట్రాక్టును అమెరికా సైన్యం ప్రైవేటు కంపెనీలకు అప్పగించింది. 2010 జూన్‌లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం వెలువరించిన నివేదిక ఆ డబ్బు ఎటు పోతోందో బయటపెట్టింది. కాబూల్–కాందహార్ రహదారిపై ఒక్కో ట్రక్కు సురక్షితంగా సాగాలంటే స్థానిక సాయుధ నాయకుడికి 1,500 డాలర్ల దాకా ముట్టజెప్పాల్సి వచ్చేది. అలా చేతులు మారిన సొమ్ములో కొంత తాలిబన్లకూ చేరి ఉండవచ్చని ఆ నివేదిక హెచ్చరించింది. మారుమూల శిబిరానికి చేరేసరికి గాలన్ ఇంధనం ఖరీదు 400 డాలర్ల వరకు పలుకుతోందని పెంటగాన్ అధికారులు 2009లో ప్రతినిధుల సభ సంఘానికి తెలిపారు. ఏ శత్రువుతో పోరాడటానికి ఆ ఇంధనం అవసరమైందో, దాన్ని చేరవేసే దారి మీద ఆ శత్రువే పోషణ పొందుతుంటే, ఆ యుద్ధం గెలుపు దిశగా సాగుతోందని అమెరికా సేనానులు ఏటా ఎలా చెప్పగలిగారో నాకు అర్థం కాదు.

ఈ మొత్తం చర్చలో అతి తక్కువగా వినిపించేది డ్రైవర్ల మాట. 2008 డిసెంబర్‌లో పెషావర్ శివార్లలోని గిడ్డంగి యార్డులపై సాయుధులు దాడి చేసి నూరుకు పైగా వాహనాలను తగలబెట్టారు. 2010 అక్టోబర్‌లో తోర్ఖమ్‌ను పది రోజులు మూసినప్పుడు, సింధ్‌లోని శికార్‌పూర్ వద్ద నిలిపి ఉన్న రెండు డజన్లకు పైగా ట్యాంకర్లు కాలిపోయాయి. దేశాధినేతలు పంతాలకు పోయిన ప్రతిసారీ రోడ్డు పక్కన బండితో పాటు చిక్కుకుపోయింది ఈ పఖ్తూన్, సింధీ డ్రైవర్లు, క్లీనర్లే. సైన్యం యూనిఫాం లేదు కనుక వారి మరణాలు యుద్ధ మృతుల పట్టికలోకి ఎక్కలేదు. పాకిస్తాన్ పార్లమెంటు 2012 ఏప్రిల్‌లో ఈ దారుల గురించి సుదీర్ఘంగా చర్చించి మార్గదర్శకాలు ఆమోదించింది. మారణాయుధాలు ఈ దారిలో వెళ్లకూడదన్న షరతు అందులో ఉంది. కంటైనర్‌లో ఏముండాలో అంత శ్రద్ధగా తేల్చినవారు, దాన్ని లాగే మనిషికి ఏమైనా జరిగితే ఎవరు బాధ్యత వహిస్తారో కూడా తేల్చి ఉండాల్సింది.

మన దేశానికి ఇది పరాయి పాఠమేమీ కాదు. అఫ్ఘానిస్తాన్‌కు భూమార్గం ఇవ్వడానికి పాకిస్తాన్ నిరాకరిస్తూ రావడంతో, ఇరాన్ సరిహద్దు నుంచి లోపలికి 218 కిలోమీటర్ల జరంజ్–దెలారామ్ రోడ్డును భారత్ నిర్మించి 2009లో అప్పగించింది. ఆ నిర్మాణంలో మన కార్మికులు, సిబ్బంది దాడులకు గురై ప్రాణాలు కోల్పోయారు. 2017లో ఇరాన్‌లోని చాబహార్ రేవు ద్వారా గోధుమలు పంపగలిగాం. అయితే ఆ దారి కూడా ఇరాన్‌పై అమెరికా ఆంక్షల మినహాయింపు మీద ఆధారపడాల్సి వచ్చింది. ఒక పొరుగుదేశం అనుమతి తప్పించుకోబోయి మరో దేశం అనుమతి కింద చేరాం. చివరికి 2022లో ఆకలితో ఉన్న అఫ్ఘాన్లకు 50,000 టన్నుల గోధుమలు ఇవ్వదలచినప్పుడు, నెలల తరబడి పాకిస్తాన్‌తో మాట్లాడి, పంజాబ్ సరిహద్దులోని అట్టారీ వద్ద అఫ్ఘాన్ ట్రక్కుల్లోకి ఎత్తి పంపాల్సి వచ్చింది. చాబహార్ మీద పెట్టుబడి వృథా అని నేననను. రెండో దారి ఉన్నవాడి మాటకు మొదటి దారి దగ్గర కూడా విలువ పెరుగుతుంది. కానీ ఆ రేవుకు ఎన్ని కోట్లు కేటాయించామన్నది పార్లమెంటుకు చెబుతున్న ప్రభుత్వం, ఆ దారి తెరిచి ఉంచడానికి టెహ్రాన్ దగ్గర, వాషింగ్టన్ దగ్గర ఏయే విషయాల్లో తగ్గాల్సి వస్తోందో కూడా అదే సభలో చెప్పాలి.