పదో తరగతి పిల్లకి ఖోఖో ఎందుకు అంటారా?

జూన్ 12న బడి తెరిచిన దగ్గర్నుంచి ఈ దసరా సెలవుల దాకా నన్ను అడిగినవాళ్లందరూ అడిగింది ఒకటే. "సార్, పదో తరగతి కదా, ఇంకా ఆటలేంటి సార్?" తల్లిదండ్రులు అడిగారు, ఊళ్లో పెద్దమనుషులు అడిగారు, టీ కొట్టు దగ్గర ఎవరో తెలియనాయన కూడా అడిగాడు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఇక్కడే మొత్తం రాస్తున్నాను. కొంచెం పొడుగు అవుతుంది, చదవండి.

నేను ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పదిహేడేళ్లుగా ఇదే పని. ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆగస్టు దాటగానే పదో తరగతి వాళ్ల గేమ్స్ పీరియడ్ లాక్కునేవాణ్ణి. ఆటలు నేర్పే పీఈటీ సార్‌ని "ఈ ఒక్క పీరియడ్ ఇవ్వండి సార్, త్రికోణమితి వెనకబడింది" అని అడిగేవాణ్ణి, ఆయన ఏమీ అనకుండా ఇచ్చేసేవారు. అలా ఒక్కొక్కటి అనుకుంటూ సంవత్సరమంతా తీసుకునేవాణ్ణి. నేనొక్కణ్ణే కాదు, సైన్స్ వాళ్లూ ఇంగ్లిష్ వాళ్లూ అంతే. పిల్లలు కిటికీలోంచి ఏడో తరగతి వాళ్లు ఆడుకుంటుంటే చూస్తూ నేను చెప్పే లెక్కలు రాసుకునేవాళ్లు. పోయినేడాది ఒంగోలు బస్టాండులో పాత విద్యార్థి ఒకడు కనిపించి, బాగున్నారా సార్ అని పలకరించి, మాటల్లో "మా బ్యాచ్ వాళ్లం పదిలో ఒక్కసారి కూడా గ్రౌండ్లోకి దిగలేదు సార్" అన్నాడు. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నాడు. ఇప్పుడు వాడు గ్రానైట్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. ఆ మాట నాకు చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు. అందుకే ఈ ఏడాది గేమ్స్ పీరియడ్ జోలికి పోనని జూన్‌లోనే పీఈటీ సార్‌కి మాటిచ్చాను.

ఈ మూడు నెలలు మాత్రం ఊపిరి ఆడలేదు. బడి తెరిచిన వారం కిట్లు పంచడం, బ్యాగులు బూట్లు సైజులు చూడటం, పిల్లల్ని బడికి పంపే తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు ఎవరికి పడ్డాయి ఎవరికి పడలేదు అని ఆధార్లు పట్టుకుని తిరగడం. జులై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్. ఆగస్టులో మొదటి ఎఫ్ఏ, అంటే ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష, ఆ బుక్‌లెట్లు దిద్ది మార్కులు ఎక్కించడం, మధ్యలో స్వాతంత్ర్య దినోత్సవానికి డ్యాన్సుల రిహార్సల్స్. ఆ తర్వాత బడిపిల్లల సైన్స్ ఆలోచనలకి కేంద్రం పెట్టే ఇన్‌స్పైర్ మనక్‌కి ఐడియాలు పంపడం. స్కూలుకి ఐదు ఐడియాలు పంపొచ్చు, ఎంపికైతే పిల్లల ఖాతాలో పదివేలు పడతాయి, దాంతో నమూనా తయారు చేసి జిల్లాకి తీసుకెళ్లాలి. మా తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడు కళ్లంలో ఎండబోసిన మిరపకాయల మీద చినుకు పడగానే పట్టా దానంతటదే కప్పుకునే ఏర్పాటు గీసుకొచ్చాడు. వాళ్ల నాన్న పంట తడిసి నష్టపోయిన ఏడాది వాడు చూసింది అది. సైన్స్ మేడమ్ ఆ బొమ్మ చూసి కళ్లు తుడుచుకున్నారు. ఎంపికవుతుందో లేదో కానీ నాకు మాత్రం అదే ఫస్ట్.

ఆగస్టు 29 పొద్దున గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి కాబట్టి తెలుగు సార్ పద్యాల పోటీ పెట్టారు, అదే రోజు హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ పుట్టినరోజు కూడా కాబట్టి మధ్యాహ్నం గ్రౌండ్ అంతా ఆటలే. మామూలుగా నోరు విప్పని పిల్లలు ఇరవై మంది ఆ ఒక్కరోజే పొద్దున వేమన పద్యం చెప్పి మధ్యాహ్నం పరుగు పందెంలో పరిగెత్తారు.

ఇప్పుడు అసలు విషయం. మెగా పీటీఎం రోజు ఒక పదో తరగతి అమ్మాయి వాళ్ల నాన్న వచ్చాడు. రోజు కూలి వదులుకుని వచ్చాడు, ఫ్యాక్టరీ దుమ్ము ఇంకా చెవుల వెనక ఉంది. మర్యాదగా చేతులు కట్టుకుని "సార్, ఈ ఏడాది మా పిల్లని ఖోఖోలో పెట్టొద్దు. పది అయిపోతే ట్రిపుల్ ఐటీ సీటు వస్తుందేమోనని ఆశ" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ ట్రిపుల్ ఐటీలు నడిపే ఆర్జీయూకేటీ యూనివర్సిటీలో సీటు పదో తరగతి మార్కుల మీదే, ప్రభుత్వ బడి పిల్లలకి నాలుగు శాతం కలుపుతారు కూడా, మా పిల్లలకి అదే పెద్ద దారి. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన ఖోఖో ప్రపంచ కప్‌లో మన అమ్మాయిలు నేపాల్‌ని 78–40తో ఓడించారని, కప్పు గెలిచిన మగవాళ్ల జట్టులో మన ప్రకాశం జిల్లా పోతిరెడ్డి శివారెడ్డి ఉన్నాడని చెప్పాను. "ఆయన వేరు సార్, మాది వేరు" అన్నాడు. చివరికి "మార్కులు తగ్గితే నన్ను అడగండి, పూచీ నాది" అన్నాను. ఆ మాట ఇచ్చేశాక రాత్రంతా టెన్షనే.

మండల పోటీలు మా గ్రౌండ్లోనే జరిగాయి. ముందురోజు సాయంత్రం పీఈటీ సార్ తాడు పట్టి, పిల్లలు సున్నం పోసి గీతలు గీశారు. ఖోఖో చూడనివాళ్ల కోసం చెప్తున్నా, ఎనిమిది మంది వరసగా ఒకరు ఇటు ఒకరు అటు మొహం పెట్టి కూర్చుంటారు, తొమ్మిదో మనిషి తరుముతుంది, అవతలి జట్టులోంచి ముగ్గురు ముగ్గురుగా వచ్చి తప్పించుకోవాలి. ఈ పిల్ల తప్పించుకునేటప్పుడు చూడాలి! బూట్లు విప్పేసి, జడ చున్నీతో బిగించి కట్టి, కూర్చున్నవాళ్ల మధ్యలోంచి పాములా మెలికలు తిరుగుతూ పోతుంటే తరిమేవాళ్ల చెయ్యి బెత్తెడు దూరంలో ఆగిపోయేది. నాలుగు నిమిషాలకు పైగా దొరకలేదు. ఫైనల్లో వరస చివర పాతిన స్తంభం దగ్గర డైవ్ కొట్టి ఒక పిల్లని అవుట్ చేసింది, లేచేసరికి మోచెయ్యి మొత్తం చెక్కుకుపోయింది, రక్తం మీద సున్నం అంటుకుంది. నేను పరిగెత్తుకెళ్తే "మండట్లేదు సార్, ఎన్ని పాయింట్లు?" అని అడిగింది. మండలంలో గెలిచాం. నియోజకవర్గ స్థాయిలో ఒక్క పాయింటుతో ఓడిపోయాం. ఆ సాయంత్రం ఆటోలో వస్తూ పిల్లలందరూ ఏడ్చారు, ఆ తర్వాత పాటలు పాడారు. జిల్లా ఎంపికలకి మాత్రం ఈ పిల్లనీ ఇంకో అమ్మాయినీ పిలిచారు.

సెప్టెంబర్ 5న స్వపరిపాలన దినోత్సవం. పదో తరగతి పిల్లలే చీరలు కట్టుకుని, ప్యాంటు షర్టులు వేసుకుని టీచర్లు అవుతారు. ఈ పిల్ల ఏడో తరగతికి లెక్కలు చెప్తానంది. పూర్ణసంఖ్యల పాఠం. ఐదులోంచి మైనస్ మూడు తీసేస్తే ఎనిమిది ఎలా అవుతుందో ఏడో తరగతి పిల్లలకి ఎక్కించడం ఎంత కష్టమో లెక్కల టీచర్లని అడగండి. పదిహేడేళ్లుగా బోర్డు మీద సంఖ్యారేఖ గీసి చెప్తున్నాను, సగం మంది బట్టీ పట్టేస్తారు. ఈ పిల్ల ఏం చేసిందంటే అందర్నీ గ్రౌండ్లోకి తీసుకెళ్లింది. సున్నంతో గీత గీసి అంకెలు వేసింది. ఒక చిన్నపిల్లాణ్ణి ఐదు దగ్గర ముందుకి మొహం పెట్టి నిలబెట్టి, "ఖోఖోలో ఒకళ్లు ఇటు, ఒకళ్లు అటు కూర్చుంటారు చూడు, మైనస్ అంటే అంతే, వెనక్కి తిరుగు" అంది. వాడు తిరిగాడు. "ఇంకో మైనస్ ఉంది కదా, మళ్లీ తిరుగు" అంది. తిరిగాడు. "ఇప్పుడు మొహం ఎటుంది? మూడు అడుగులు నడువు." వాడు నడిచి ఎనిమిది మీద నిలబడి కిందికి చూసుకుని "ఎనిమిది టీచర్!" అని అరిచాడు. ఆ తర్వాత క్లాసులో ఉన్న నలభై మందీ మేము తిరుగుతాం మేము తిరుగుతాం అని లైను కట్టారు. నేను వేపచెట్టు కింద నిలబడి చూస్తున్నాను. ఇక నుంచి నేనూ ఇలాగే చెప్తాను, ఎవరు నేర్పారని అడిగితే ఆ పిల్ల పేరే చెప్తాను.

ఇప్పుడు చెప్పండి, ఖోఖో ఆ పిల్ల చదువుకి అడ్డం వచ్చిందా? మొదటి ఎఫ్ఏలో లెక్కల్లో క్లాసులో మూడో స్థానం. ఒకవేళ పదో స్థానం వచ్చినా నా మాట మారేది కాదు. మార్కుల కోసం ఆడించండి అనట్లేదు నేను. మా పిల్లల సంగతి ఒకసారి ఆలోచించండి. పది తర్వాత సగం మంది ఇంటర్‌కి పోయి అపార్ట్‌మెంట్ లాంటి కాలేజీల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చుంటారు, అక్కడ గ్రౌండ్ అనేదే ఉండదు. మగపిల్లలు కొందరు పనుల్లోకి పోతారు. ఆడపిల్లలు కొందరికి సంబంధాలు చూసేస్తారు, ఎంత చెప్పినా ఆగరు. పెళ్లయిన పిల్ల మళ్లీ ఎప్పుడు పరిగెత్తుతుంది? పరుగులో గెలిచి పదిమంది ముందు చప్పట్లు ఎప్పుడు కొట్టించుకుంటుంది? చాలామందికి పదో తరగతి గ్రౌండే ఆఖరి గ్రౌండ్. వారానికి రెండు పీరియడ్లు, అంతే కదా, వాటిని కూడా మనమే లాగేసుకుంటే ఎట్లా? ఇన్నేళ్లు లాక్కున్నవాణ్ణి నేనే కాబట్టి గట్టిగా అడుగుతున్నాను.

తోటి టీచర్లకి కూడా ఒక మాట. పైనుంచి ఫలితాల ఒత్తిడి ఉంటుంది, ఫొటోలు ఎక్కించాలి, యాప్‌లు నింపాలి, అన్నీ నిజమే, నేనూ ఆ చాకిరీలోనే ఉన్నాను. అయినా సెలవుల తర్వాత స్పెషల్ క్లాసులు మొదలైనప్పుడు గేమ్స్ పీరియడ్ ముట్టుకోకండి. పొద్దున గంట ముందు రండి, నేనూ వస్తున్నాను.

ఇవాళ సాయంత్రం స్తంభాలు పీకి గదిలో పెడదామని పీఈటీ సార్ అంటే వద్దన్నాను. జిల్లా ఎంపికలకి ఆ ఇద్దరు పిల్లలూ సెలవుల్లో పొద్దున ఆరింటికి ప్రాక్టీసుకి వస్తామన్నారు, తాళాలు నా దగ్గరే ఉంచుకున్నాను. ఎంట్రీ ఫారం మీద హెడ్మాస్టర్ సంతకం అయిపోయింది. ఈ పిల్ల వాళ్ల నాన్నది ఇంకా కాలేదు. రేపు డ్యూటీకి పోకముందే ఇంటికి రమ్మన్నాడు. ఫారమూ, ఎఫ్ఏ బుక్‌లెట్టూ రెండూ సంచిలో పెట్టుకున్నాను.