నేలదే తప్పు

హనుమకొండలోని మా కాలనీకి భూగర్భ డ్రైనేజీ వేసే ముందు ఇక్కడి నేలకు కంప్యూటర్‌లో నమూనా తయారైంది. సర్వే బృందం నేల ఎత్తుపల్లాలు కొలిచే టోటల్ స్టేషన్ అనే పరికరం మోసుకుని రెండు రోజులు తిరిగింది. తాళం వేసిన గేటు, కుక్క ఉన్న ఇల్లు, నీళ్లు నిలిచిన కుంట మాత్రం వదిలేసింది. మురుగు ఎటు పోవాలో చెప్పేది ఆ కుంటే కదా అని గొణిగేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. వాళ్లకు కంప్యూటర్ మహిమ తెలియదు.

కొలిచిన బిందువులను అది త్రిభుజాలుగా కలుపుతుంది. మధ్యలో కొలతలు లేవని ఆగి అడగదు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పొడవాటి త్రిభుజం పరిచేస్తుంది. తట్టెడు మట్టి పోయకుండానే మా కుంట పూడిపోయింది. కబ్జాదారులకైతే ఏళ్లు పట్టేది.

ఇంకోచోట ఏ కొలతా దొరక్క మ్యాన్‌హోల్ మూత మట్టం సున్నా అని పడింది. సున్నా అంటే సముద్రమట్టం. మనం దానికి 250 మీటర్ల పైన ఉన్నాం. అంత లోతు వ్యవహారాలు సింగరేణి వాళ్లవి కాబట్టి ఆ ఖాళీలను ఉపగ్రహ పటంతో నింపారు. అందరూ ఉపగ్రహం అంటారు గానీ, 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసిన కొలతలవి. ఉచితం. 30 మీటర్లకు ఒక అంకె. మా గల్లీ వెడల్పు 4 మీటర్లు. ఆ రాడార్‌కు చింతకొమ్మకూ నేలకూ పెద్దగా తేడా తెలియదు. మురుగు పైపుకు వంద మీటర్లకు అర మీటరు వాలుంటే సరిపోతుంది, ఆ కొలతల్లో పొరపాటే మీటర్లలో ఉంటుంది. అయినా తెర మీద నీళ్లు చక్కగా పారాయి.

పాత నల్లా పైపు ఎక్కడుందో, వాల్వులు తిప్పి రిటైరైన పెద్దాయన చెప్పాడు: "వేపచెట్టుకు తూర్పున ఏడడుగులు, మోకాలి లోతు." వేపచెట్టు కొట్టేశారు గనుక సాక్ష్యం చెల్లలేదు. పైపులన్నీ మీటరు లోతున ఉండాలన్న నియమం ప్రకారం నమూనాలో దాన్నీ మీటరు లోతున పెట్టారు. ఆ నియమం పైపుకు ఎవరూ చెప్పలేదు. జేసీబీ చెప్పింది. మూడు రోజులు నల్లా రాలేదు. నివేదికలో "క్షేత్రస్థాయిలో వ్యత్యాసం" అని రాశారు. నిజమే, నమూనాలో ఏ వ్యత్యాసమూ లేదు.

కుంట పక్కన కట్టిన మ్యాన్‌హోల్ రోడ్డు కంటే రెండడుగులు పైకి లేచింది. సాయంత్రం కాగానే పెద్దలు దాని మీద తువ్వాలు పరుచుకుని కూర్చుంటున్నారు. నమూనా ప్రకారం వాళ్లు నేల మీదే ఉన్నారు. పక్కనుంచి రోడ్డు మీద నడిచి వెళ్లే మేమే రెండడుగుల లోతున, భూగర్భంలో ఉన్నాం.