తాగే నీళ్లు ఏవో చెప్పడానికి ఇంత కష్టమా?

నల్లగొండలో కొత్తింట్లో దిగి రెండు నెలలైంది. వంటింటి నల్లాలో వచ్చేది కృష్ణ నీళ్లా, బోరు నీళ్లా అంటే సూటిగా చెప్పే మనిషి లేడు. "రెండూ సంపులోకే వస్తయమ్మా, ఏం కాదు" అంటాడు ఇల్లు అమ్మినాయన. ఏం కాకపోవడమేంటి? బోర్లలోని ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిపోయినోళ్లను, కాళ్లు వంకరపోయిన పిల్లలను చూస్తూ పెరిగినదాన్ని నేను. నీళ్లలో ఫ్లోరైడు తీసే పద్ధతికే మా ఊరి పేరు పెట్టారు!

తాగే నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దు, గత్యంతరం లేకుంటే 1.5 దాకా. నాలుకకు తెలియదు, ముక్కుకు తెలియదు. కాచితే పోదు సరికదా, నీళ్లు ఆవిరై ఇంకా ఎక్కువవుతుంది. ఫిల్టరు అమ్మొచ్చిన పిల్లగాడు టీడీఎస్ మీటరు గ్లాసులో ముంచి "మస్తున్నయ్ మేడమ్" అన్నాడు. కరిగిన లవణాలన్నిటికీ కలిపి అది ఒక్క అంకె చూపిస్తుంది, అంతే. అందులో ఫ్లోరైడు ఎంతో దానికేం తెలుసు?

నల్లా బిల్లు సంగతి మరీ ఘోరం. పాత ఓనరు పేరు మీద, ఆయన బకాయితో సహా వస్తోంది. పేరు మార్చమని మూడుసార్లు తిరిగాను. ఇల్లు కొనేముందు బిల్లు కట్టిన రసీదులు అడగాలని ఒక్కరైనా చెప్పలేదు.

ప్లంబరును పిలిచాను. సంపు మూత తీస్తే రెండు పైపులూ పక్కపక్కనే, బోరు పైపు మూతికి సున్నంలా తెల్లటి పెచ్చు. ఆ నీళ్లే రెండు నెలలుగా నా బిడ్డ పాలసీసాలో కలిపాను. బోరు లైను బాత్రూములకు మళ్లించమని చెప్పాను. రెండు సీసాల్లో నీళ్లు పట్టి రేపు పరీక్షకు ఇస్తున్నా.