పిల్లల ప్రశ్నకు పెద్దపీట

పాలంపేట రామప్ప గుడికి విహారయాత్రకొచ్చిన బడిపిల్లలను కాసేపు గమనించండి. గోపురం ఇటుకలు నీళ్లలో తేలుతాయని చెప్పగానే వరసలోంచి ఒక గొంతు లేస్తుంది. ‘సార్, ఇటుక మునగాలె గదా, ఎట్ల తేలుతది?’ జవాబు చాలాసార్లు ఒకటే. ‘కాకతీయుల గొప్పతనం రా అది. లైన్ల నడువు.’ బస్సెక్కేలోపే ఆ ప్రశ్న ఆరిపోతుంది. 2017 జులై 24 రాత్రి నోయిడాలో 90 ఏళ్ల వయసులో కన్నుమూసిన భౌతిక శాస్త్రవేత్త ప్రొఫెసర్ యశ్‌పాల్ అక్కడ ఉండి ఉంటే ముందు ఆ లైను ఆగేది. ఇటుకలోని సన్నటి రంధ్రాల దగ్గర మొదలుపెట్టి, వాటిలో నిండిన గాలి మీదుగా, చెరువులో తేలిపోయే బతుకమ్మ దాకా ఆ పిల్లాడిని నడిపించేవారు. టీవీలో ఆయన ఏళ్ల తరబడి చేసింది ఇదే.

దూరదర్శన్‌లో ఆయన కనిపించే సైన్స్ కార్యక్రమం ‘టర్నింగ్ పాయింట్’ వచ్చే రోజుల్లో వరంగల్, కరీంనగర్ వాడల్లో నాలుగైదు ఇళ్లకు ఒక టీవీ ఉంటే గొప్ప. పైన ఒకరు యాంటెన్నా తిప్పుతుంటే కింద నుంచి ‘వచ్చింది, వచ్చింది, ఇగ ఆపు’ అని అరిచిన పిల్లలు ఇప్పుడు నలభైల్లో ఉన్నారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఉత్తరాల్లోని ప్రశ్నలకు తెల్లజుట్టు పెద్దాయన ఒకరు మెల్లగా, ముచ్చట చెప్పినట్టు జవాబిచ్చేవారు. భాష సగమే అర్థమైనా ఆ మొహంలో ఆనందం మాత్రం పూర్తిగా అందేది. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల మీద పరిశోధన చేసి, విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) ఛైర్మన్‌గా పనిచేసిన మనిషి పిల్లల ప్రశ్నకు అంత మర్యాద ఇవ్వడం మన ఇళ్లలో కొత్త. ‘చిన్నపిల్లవు, నీకెందుకు’ అన్న మాట విని పెరిగిన వాళ్లకు అది ఎంత పెద్ద ఊరటో వాళ్లకే తెలుసు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలంగాణ మీదుగానే వెళ్లింది. జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు పరికరాలు పెట్టుకుని చూశారు. జనం మాత్రం తలుపులేసుకుని కూర్చున్నారు. వాళ్లు బయటికి రాకుండా దూరదర్శన్ ఆ మధ్యాహ్నం సినిమా వేసింది. పదిహేనేళ్ల తర్వాత, 1995 అక్టోబర్ 24న, దీపావళి తెల్లారి మళ్లీ గ్రహణం వచ్చింది. ఈసారి అదే దూరదర్శన్ గ్రహణాన్నే ప్రత్యక్షంగా చూపింది. పక్కన యశ్‌పాల్ మాట. ఒక ప్రభుత్వ టీవీ పదిహేనేళ్లలో అంత దూరం నడిచిందంటే, నడిపించినవాళ్లలో ఆయన పేరు ముందు వరసలో రాయాలి.

టీవీ పల్లెకు చేరడంలోనూ ఆయన చేయి ఉంది. అహ్మదాబాద్‌లోని అంతరిక్ష అనువర్తన కేంద్రానికి తొలి డైరెక్టర్‌గా 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు చేర్చే ‘సైట్’ ప్రయోగాన్ని నడిపించారు. అమెరికా ఉపగ్రహాన్ని ఏడాదికి అడిగి తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు బొమ్మను చేర్చారు. మన మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లూ అందులో ఉన్నాయి. కోళ్లగూటి జాలీతో చేసిన యాంటెన్నా కింద, పొద్దున పిల్లలకు పాఠాలు, రాత్రి పెద్దలకు వ్యవసాయం ముచ్చట్లు.

అయితే మన బడులు ఆయనకు బాకీ పడ్డది వేరే ఉంది. 2017 జులైలో తెలంగాణ ప్రభుత్వం బడి సంచుల బరువుకు హద్దు పెట్టింది. ఒకటి, రెండు తరగతులకు కిలోన్నర, పదో తరగతికి 5 కిలోలు దాటొద్దంది. ప్రాథమిక తరగతుల పిల్లలే 6 నుంచి 12 కిలోలు మోస్తున్నారని సర్కారే ఒప్పుకుంది. మంచి పనే, స్వాగతిస్తున్నాం. కానీ బడిపిల్లల చదువు భారంపై వేసిన యశ్‌పాల్ కమిటీ ఈ మాట 1993లోనే చెప్పింది. అక్కడితో ఆగలేదు కూడా. సంచి బరువు కన్నా అర్థంకాని చదువు బరువు ఎక్కువ కీడు చేస్తుందని తేల్చింది. సంచిని కాంటా మీద పెట్టి తూచొచ్చు. ఎనిమిదో తరగతి బిడ్డ అర్థం కాకుండానే బట్టీపట్టిన పేజీలను ఏ తనిఖీ అధికారి తూచాలె?

ఆయన అధ్యక్షతన వచ్చిన 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బడి చదువును బడి బయటి బతుకుతో కలపమంది. దాని వెలుగులోనే మన పాఠ్యపుస్తకాలు మారాయి. ‘ఆలోచించండి, చర్చించండి’ అని పెట్టెలు కట్టి మరీ అచ్చేశారు. ఆ పెట్టెలు ఎన్ని తరగతి గదుల్లో తెరుచుకుంటున్నాయి? ‘అది పరీక్షలో రాదు’ అని దాటేసే చోట్లే ఎక్కువ. ప్రాజెక్టు పని ఇస్తే ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి, అట్ట వేసి తెస్తున్నారు. పిల్లలది తప్పు కాదు. క్వశ్చన్ బ్యాంకు చేతిలో పెట్టి, అందులో ఉన్న ప్రశ్నలే ప్రశ్నలని వాళ్లకు నేర్పింది మనం.

వరంగల్‌లో నిట్ ఉంది, కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. వాటి విద్యార్థులు నెలకొక శనివారం దగ్గరి సర్కారు బడికి వెళ్లి, పాఠం చెప్పకుండా, పిల్లలు అడిగింది వింటే చాలు. ఇందుకు జీవో అక్కర్లేదు. బడిలో వారానికి ఒక పీరియడ్ పిల్లల ప్రశ్నలకే వదలమని విద్యాశాఖను కోరుతున్నాం. ‘నాకూ తెలియదు, రేపు చూసొచ్చి చెబుతా’ అనే సార్‌ను, టీచరమ్మను ఎవరూ తక్కువగా చూడొద్దని తల్లిదండ్రులనూ కోరుతున్నాం.

ఆయన పోయిన రెండు వారాలకు, 2017 ఆగస్టు 7న, రాఖీ పౌర్ణమి వచ్చింది. ఆ రాత్రి పదకొండు కావస్తుండగా పాక్షిక చంద్రగ్రహణం మొదలైంది. అలాంటి గ్రహణం చూడ్డానికి కంటికి ఏ అడ్డూ అక్కర్లేదు. మబ్బులు కరుణిస్తే హన్మకొండ డాబాల మీద నుంచి, ములుగు పొలంగట్ల మీద నుంచి అంతా కనిపిస్తుంది. మళ్లీ చంద్రగ్రహణం వచ్చిన ఆ ఒక్క రాత్రి పిల్లలను తొందరగా పడుకోమనకండి. చంద్రుడి మీద పాకే నీడ అంచు గుండ్రంగా ఎందుకుందని వాళ్లు అడుగుతారు.